పిడికిలి బలం, పళ్లెంలో పప్పు

నల్లగొండ పల్లెల్లో గీత కార్మికుడు పొద్దున ఒకసారి, మాపటేల ఒకసారి తాటిచెట్టు ఎక్కుతాడు. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు, నడుముకు ముత్తాదు, కాళ్లకు తాటి బంధం. మోకును పైకి విసిరి, పాదాలను చెట్టుకు అదిమి, ఒంటిని జానెడు జానెడు పైకి లాక్కుంటాడు. చివరకు చేరాక ఒక చేత్తో మట్టను పట్టుకుని రెండో చేత్తో గెల గీసి లొట్టి దించుకుంటాడు. ఈ పనిలో రెండు రకాల బలాలు ఉన్నాయి. ఒంటి బరువును ఆగకుండా, నిదానంగా పైకి మోసేది ఒకటి. పాదం జారిన క్షణంలో ఆలోచన పుట్టకముందే చెట్టును కరుచుకునేది రెండోది. వయసు మళ్లుతున్నప్పుడు ముందుగా సన్నగిల్లేది ఆ రెండోదే.

దానికి కారణం కండరాల్లోనే ఉంది. మన ఎముకలను కదిపే కండరాల్లో రెండు ప్రధాన రకాల పోగులుంటాయి. నిదానపు పోగులు తొందరగా అలిసిపోవు. నిలబడడానికి, నడవడానికి, నాట్లలో గంటల తరబడి వంగి ఉండడానికి అవే ఆధారం. వేగపు పోగులు క్షణంలో గట్టిగా బిగుసుకుంటాయి, తొందరగా అలిసిపోతాయి. తూలినప్పుడు నిలదొక్కుకోవడం, బస్సు మెట్టు ఎక్కడం, బిందెను నెత్తికి ఎత్తుకోవడం వీటి పని. స్వీడన్ పరిశోధకులు 1988లో ఒక వివరమైన లెక్క ప్రచురించారు. 15 నుంచి 83 ఏళ్ల మధ్య మరణించిన 43 మంది ఆరోగ్యవంతులైన పురుషుల తొడ కండరాన్ని పూర్తిగా అడ్డంగా కోసి, పోగులను లెక్కపెట్టారు. ఇరవై ఏళ్ల వయసుతో పోలిస్తే ఎనభై నాటికి ఆ కండరం సుమారు 40 శాతం తగ్గిపోయింది. పోగుల సంఖ్యా తగ్గింది, మిగిలిన వాటిలో ముఖ్యంగా వేగపు పోగులు సన్నబడ్డాయి.

పాలమూరు, నల్లగొండ మెట్ట నేలల్లో దీన్ని "వయసు మీద పడ్డది, కాళ్లల్ల సత్తువ లేదు" అని సరిపెట్టుకుంటారు. సత్తువ తగ్గడంలో వయసు వాటా ఉన్న మాట నిజం. అయితే పళ్లెం వాటా, చేసే పని వాటా కూడా అందులో ఉన్నాయి. వయసును ఆపలేం. మిగిలిన రెంటినీ మార్చుకోగలం. ఏది ఎంత మారుతుందో తెలియాలంటే కండ లోపలికి వెళ్లి, ఏ ప్రొటీన్లు తగ్గుతున్నాయో, ఎందుకు తగ్గుతున్నాయో చూడాలి.

కండ లోపల

కండరపు పోగు ఒక్కొక్కటీ వెంట్రుకంత సన్నగా ఉంటుంది. దాని నిండా ఇంకా సన్నని దారాలు. మందపు దారాలు మయోసిన్ అనే ప్రొటీనువి, పలుచటి దారాలు యాక్టిన్ అనే ప్రొటీనువి. మయోసిన్ అణువుకు బయటికి పొడుచుకొచ్చిన తలలుంటాయి. అవి యాక్టిన్ దారాన్ని పట్టుకుని, లాగి, వదిలి, మళ్లీ కాస్త ముందుకు పట్టుకుంటాయి. ఒక్కో లాగుకు కదలిక మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. కోట్లాది తలలు కలిసి లాగితే చేయి లేస్తుంది. దారాలు పొట్టిగా ముడుచుకోవు, ఒకదాని పక్క నుంచి ఒకటి జారుతాయి అనే సంగతిని రెండు పరిశోధక బృందాలు 1954లో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో వేర్వేరుగా ప్రకటించాయి. ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె ఒక బృందం; హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రెండో బృందం. ఈ దారాలను వరుస తప్పకుండా పట్టి ఉంచేది టైటిన్. మనిషి ఒంట్లో ఇంతకంటే పెద్ద ప్రొటీన్ లేదు. ఒక్క అణువులోనే ముప్పై వేలకు పైగా అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చి ఉంటాయి.

ఈ లాగుడుకు కావలసిన శక్తి ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని చూపించాడు. కండరం పనిచేస్తుంటే అది ఖర్చవుతుంది, విశ్రాంతిలో మళ్లీ నిండుతుంది. 1929లో అదే జంట కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును కూడా కండరం నుంచి వేరుచేసింది; జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా కనుక్కున్నాడు. కండరం శక్తికి మూలం లాక్టిక్ ఆమ్లం తయారుకావడమేనని అప్పటిదాకా ఉన్న నమ్మకం ఈ పనితో కదిలిపోయింది. మయోసిన్ తల ప్రతి లాగుకూ ఒక ఏటీపీ అణువును ఖర్చు చేస్తుంది. ఆ ఏటీపీని ఎక్కువగా తయారుచేసేది పోగులోని మైటోకాండ్రియా. ముసలితనంలో కండకు వచ్చే కష్టాల్లో లాగే ప్రొటీన్లు తగ్గడం ఒకటైతే, శక్తి తయారుచేసే ప్రొటీన్లు తగ్గడం రెండోది.

కండకు ఇంకో పని కూడా ఉంది. ఆరోగ్యవంతుడైన యువకుడి బరువులో దాదాపు 40 శాతం ఎముకలను కదిపే కండరాలే. ఒంట్లోని ప్రొటీనులో సగానికి పైగా వీటిలోనే ఉంటుంది. జబ్బు చేసి తిండి పడిపోయినప్పుడు గుండె, కాలేయం, రోగనిరోధక కణాలు తమకు కావలసిన అమైనో ఆమ్లాలను కండ నుంచే తీసుకుంటాయి. పది రోజుల జ్వరం తర్వాత కుర్రవాడు లేచి తిరుగుతుంటే, ముసలాయన గోడ పట్టుకుని నడవడానికి ఒక కారణం ఇదే. ఆయన దగ్గర ఉన్న నిల్వే తక్కువ, అందులోంచి తీసింది తిరిగి నింపడం కష్టం.

రోజూ కరిగి, రోజూ తయారయ్యే ప్రొటీన్

కండలోని ప్రొటీన్ ఒకసారి తయారై అలాగే ఉండిపోయేది కాదు. రోజూ అందులో సుమారు ఒక శాతం విడిపోతుంది, అంతే మేరకు కొత్తది తయారవుతుంది. మన ఊరి చెరువుకు ఒకవైపు నుంచి వరద వస్తుంటే తూము గుండా నీళ్లు మరోవైపు పోతుంటాయి. రెండూ సరిపోయినంతకాలం నీటిమట్టం కదలదు. కండలో ప్రొటీన్ మట్టమూ అంతే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో పరగడుపున కొలిచి చూస్తే తూము పెద్దగా తెరుచుకున్నట్టు కనబడదు. లోపం వచ్చేది ఎక్కువగా వరద వైపే.

అన్నం తిన్న తర్వాత రక్తంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. వాటిలో లూసిన్ అనేది కండ కణాల్లోని ఎంటార్ అనే నియంత్రక ప్రొటీనును తట్టిలేపుతుంది. అప్పుడు రైబోజోములు కొత్త మయోసిన్, కొత్త యాక్టిన్ తయారుచేయడం మొదలుపెడతాయి. యువకుడిలో కొద్దిపాటి ప్రొటీనుకే ఈ పని ఊపందుకుంటుంది. వయసు మళ్లినవారిలో అదే మోతాదుకు స్పందన తక్కువ. ఒక పూట తిండిలో ఎంత ప్రొటీన్ ఉంటే కండ తయారీ పూర్తి స్థాయికి చేరుతుందో 2015లో లెక్క కట్టారు. యువకులకు శరీర బరువులో కిలోకు 0.24 గ్రాములు సరిపోయింది. డెబ్బై ఏళ్ల వాళ్లకు 0.40 గ్రాములు కావలసి వచ్చింది. 50 కిలోల మనిషికి చూస్తే యువకుడికి పూటకు 12 గ్రాములు, పెద్దాయనకు 20 గ్రాములు.

ఈ ఒక్క లెక్క మన ఇళ్లలోని అలవాటును తలకిందులు చేస్తుంది. ముసలివాళ్లకు తిండి తక్కువ చాలనుకుంటాం. అరగదని పప్పు తగ్గిస్తాం, నమలలేరని పల్లీలు ఆపేస్తాం, గుడ్డు పిల్లలకు పెడతాం. శక్తినిచ్చే పిండి పదార్థం వాళ్లకు కాస్త తక్కువైనా ఫరవాలేదు. ప్రొటీన్ మాత్రం పడుచువాళ్లకంటే ఎక్కువ కావాలి. జాతీయ పోషకాహార సంస్థ సిఫారసులను సవరించి భారత వైద్య పరిశోధన మండలి 2020లో వయోజనులకు కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ నిర్ణయించింది. వృద్ధుల పోషణను ప్రత్యేకంగా చూసిన అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లో 65 దాటినవాళ్లకు 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలంది. జబ్బుతో ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువే. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లు వైద్యుడు చెప్పిన మోతాదే పాటించాలి.

నాలుగు వేల ప్రొటీన్ల లెక్క

యాక్టిన్, మయోసిన్ కండలో పెద్ద వాటా ప్రొటీన్లు. వాటితోపాటు చిన్న మోతాదుల్లో వేల రకాలున్నాయి. వయసుతో వీటిలో ఏది పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అని ఒక్కసారిగా కొలిచే పరికరాలు ఇటీవలే వచ్చాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో లుయిజీ ఫెరూచీ బృందం 20 నుంచి 87 ఏళ్ల మధ్య ఉన్న 58 మంది ఆరోగ్యవంతుల తొడ నుంచి సూదితో చిన్న కండ ముక్క తీసి, అందులో నాలుగు వేలకు పైగా ప్రొటీన్లను కొలిచింది. ఫలితాలు 2019లో వచ్చాయి.

వయసు ఎక్కువైన కండలో మైటోకాండ్రియాలో శక్తిని తయారుచేసే ప్రొటీన్లు తగ్గి ఉన్నాయి. గ్లూకోజును విడగొట్టే ఎంజైములు తగ్గాయి. కొత్త ప్రొటీన్లను కూర్చే రైబోజోముల సొంత ప్రొటీన్లే తగ్గాయి. అంటే కండను కట్టే యంత్రాంగమూ చిక్కిపోతోంది, ఆ యంత్రాంగానికి అందే శక్తీ తగ్గుతోంది. ఇంకోవైపు కొన్ని ప్రొటీన్లు పెరిగాయి. వాపుకు, రోగనిరోధానికి సంబంధించినవి, మడత తప్పిన ప్రొటీన్లను సరిచేసేవీ విడగొట్టేవీ, జన్యువు సందేశాన్ని కత్తిరించి అతికించేవి. ఆరోగ్యంగా, జబ్బు లేకుండా ఉన్న మనుషుల్లోనే ఇలా ఉంది. వాళ్ల కండ ఊరికే అరిగిపోవడం లేదు. పాడైనదాన్ని బాగుచేసుకోవడానికి నిరంతరం పెనుగులాడుతోంది. ఆ పెనుగులాటకు తగిన సరుకు పైనుంచి, అంటే తిండి నుంచి, అందాలి.

నరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రతి కండర పోగుకూ వెన్నుపాము నుంచి ఒక నరపు కొస వస్తుంది. అరవై దాటాక ఈ నరకణాలు తగ్గుతూ వస్తాయి. వేగపు పోగులను నడిపే నరం చచ్చిపోతే ఆ పోగులు దిక్కులేకుండా మిగులుతాయి. కొన్నిటిని పక్కనున్న నిదానపు నరం తన కొసలు చాచి చేరదీస్తుంది, అప్పుడు అవి కూడా నిదానపు పోగుల ప్రొటీన్లనే తయారుచేయడం మొదలుపెడతాయి. చేరదీసే నరం దొరకని పోగులు ఎండిపోతాయి, వాటి జాగాలో కొవ్వు, పీచు కణజాలం చేరుతుంది. అందుకే పిక్క చూపుకు ఎప్పటిలాగే ఉన్నా బలం తగ్గిపోయి ఉండొచ్చు. కండ పరిమాణంకంటే కండ బలం వేగంగా పడిపోతుందని పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు చెబుతున్నాయి.

అందుకే వైద్యులు ముందుగా పిడికిలి బలం చూస్తారు. చేతిలో పట్టే చిన్న పరికరాన్ని బలమంతా పెట్టి నొక్కితే ఎన్ని కిలోల బలమో చూపిస్తుంది. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న హద్దు ప్రకారం మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోలు. అంతకు తగ్గితే కండ నష్టం ఉందేమోనని పరీక్షించాలి. పరికరం లేకపోతే చేతులు గుండెకు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమంటారు. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే అదీ హెచ్చరికే. మన దేశం కూడా ఉన్న 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేల మంది పిడికిలి కొలిచిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. బలం ఐదు కిలోలు తక్కువైన ప్రతిచోటా మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనబడింది.

రెక్కల కష్టం చాలదా?

రెక్కాడితే గాని డొక్కాడని ఊళ్లలో ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. జీవితమంతా పని చేసిన మనిషికి కండ ఎందుకు తగ్గుతుంది? పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలకు, కాలువలకు మట్టి పని చేశారు. వాళ్లకు వ్యాయామం తక్కువైందని ఎవరూ అనలేరు.

పని చేయడం కండకు ఒక ఆదేశం మాత్రమే. ఆ ఆదేశం అందాక కండ కట్టుకోవడానికి అమైనో ఆమ్లాలు కావాలి, అవి కండకు చేరాలంటే ముందు ఒంటికి శక్తి సరిపడా అందాలి. తిన్న తిండి చాలనప్పుడు ఒళ్లు ప్రొటీనును కూడా కట్టెలా మండించి శక్తిగా వాడేసుకుంటుంది. తక్కువ తిండితో ఎక్కువ పని చేసిన మనిషి బిగువుగా కనబడతాడు, ఆ ఒంట్లో నిల్వ మాత్రం సన్నం. ముప్పై ఏళ్ల నాటికి కండ ఎంత పోగుపడిందన్నదే అసలు లెక్క. తక్కువ నిల్వతో మొదలైనవాడు తగ్గుదల ఒకే వేగంతో ఉన్నా హద్దును ముందుగా దాటుతాడు.

నల్లగొండ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఇబ్రహీంపట్నం వైపు పల్లెల్లో ఆ నిల్వ దేన్ని బట్టి పోగుపడుతుందో అరుదైన ఓపికతో కొలిచారు. 1987 నుంచి 1990 వరకు అక్కడ కొన్ని ఊళ్లలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) కింద గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా రోజూ పెట్టారు. పక్క ఊళ్లకు ఆ పథకం ఇంకా చేరలేదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మొత్తం 29 ఊళ్లను ఎంచుకుని, అక్కడ పుట్టిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకున్నారు. సగటున ఇరవై ఏళ్ల వయసున్న 1,446 మందికి ఎక్స్‌రే పద్ధతిలో కండ కొలిచి, పిడికిలి బలం చూశారు. 2014లో వచ్చిన ఫలితం ఆలోచింపజేస్తుంది. చిన్నప్పుడు ఉప్మా తిన్న ఊళ్లవాళ్లకు కండలో అదనపు లాభమేమీ కనబడలేదు. ఇప్పటి ఆర్థిక స్థితి, ఇప్పుడు తినే తిండి, ఇప్పుడు చేసే శారీరక శ్రమ, ఈ మూడూ మెరుగ్గా ఉన్నచోట కండా బలమూ ఎక్కువగా ఉన్నాయి. పసితనపు పోషణ విలువ మరెన్నో విషయాల్లో రుజువైనదే, కాని కండ విషయంలో వర్తమానానికే బరువు ఎక్కువ. కండ ప్రతి రోజూ కొత్తగా తయారయ్యేది కాబట్టి ఇందులో వింత లేదు.

నల్లగొండకు ఇంకో భారం ఉంది. ఇక్కడి గ్రానైట్ రాళ్ల నుంచి బోరు నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్ ఎముకలను గట్టిపరిచి, కీళ్లను బిగబెట్టి, వెన్నును వంచింది. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతపు యువకుల్లో మోకాళ్లు లోపలికి వంకర తిరగడాన్ని లాన్సెట్‌లో వివరించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్లు శుద్ధి చేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. కీలు బిగుసుకుంటే దాన్ని కదిపే కండకు పని ఉండదు. పని లేని కండ వారాల్లో కరుగుతుంది. వెన్నులో పెరిగిన ఎముక నరాలను నొక్కితే ఆ నరాల కింది కండలు చిక్కిపోతాయి. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక కొత్త తరం ఈ జబ్బు నుంచి బయటపడుతోంది. మర్రిగూడ మండలం లాంటి చోట్ల పాత నీళ్లు తాగి ముసలివాళ్లయినవారికి మాత్రం కండను కాపాడుకోవడం అందరికంటే కష్టం, అందరికంటే అవసరం.

గటక నుంచి సన్నబియ్యం దాకా

ఈ మెట్ట నేలల పాత తిండి జొన్న. జొన్న గటక, జొన్న రొట్టె, అంబలి. జొన్న ప్రొటీనులో లూసిన్ బాగా ఎక్కువ. వంద గ్రాముల జొన్న ప్రొటీనులో సుమారు 12 గ్రాములు. బియ్యం ప్రొటీనులో అది 8 గ్రాముల దగ్గరుంటుంది. కండ తయారీని తట్టిలేపేది లూసినే అని ఈనాడు చెప్పుకుంటున్నాం గాని, హైదరాబాద్‌లో లూసిన్ పేరు అంతకు ముందే వేరే సందర్భంలో వినబడింది. దక్కన్‌లో జొన్న తినే పేదలకు పెలాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు రావడానికి ఈ అధిక లూసినే కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్‌లో ప్రతిపాదించారు. దానిపై తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. ఒక్క ధాన్యం మీదే బతికితే ఒళ్లు దెబ్బతింటుందన్న పాఠం మాత్రం నిలిచింది.

జొన్నకు లోటు లైసిన్ అనే అమైనో ఆమ్లం; దాని ప్రొటీనులో వందకు రెండు గ్రాముల చిల్లరే. కండ కట్టడానికి అవసరమైన అమైనో ఆమ్లాల్లో ఏ ఒక్కటి కొరవడినా తయారీ అక్కడే ఆగుతుంది. కందిపప్పులో లైసిన్ అంతకు మూడింతల దాకా ఉంది. జొన్న చేలో కంది సాళ్లు వేసుకున్న రైతు తన పళ్లెంలోకి ఈ రెంటినీ కలిపే తెచ్చుకున్నాడు. ఉలవలు, పెసలు, బొబ్బర్లు, అనుములు అదే నేలలో పండాయి. వాటిని ఉడకబెట్టిన గుడాలు సాయంత్రం పూట తిండి.

ఇప్పుడు పళ్లెం మారింది. రేషన్ దుకాణంలో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం వస్తుంది. పాత నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగర్‌లో 2025 ఉగాది నాడు మొదలై అది సన్నబియ్యమైంది. ఆకలి తీర్చడంలో ఈ బియ్యానికి ఉన్న విలువ చాలా పెద్దది. కండ లెక్క వేరు. ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అందులో ప్రొటీన్ 16 గ్రాములు మించదు. ఒంటరిగా ఉండే ముసలవ్వ పొద్దున ఇంత అన్నం వండుకుని, పచ్చిపులుసుతోనో తొక్కుతోనో రెండు పూటలు వెళ్లదీస్తుంది. పూటకు వంద గ్రాముల బియ్యం అనుకుంటే ప్రొటీన్ 8 గ్రాములు, లూసిన్ గ్రాములో మూడింట రెండు వంతులు. ఆమె బరువు 50 కిలోలైతే ఆ పూటకు కావలసింది 20 గ్రాములు. కడుపు నిండుతుంది, కండకు పిలుపు అందదు.

అదే పూట వంద గ్రాముల జొన్నపిండితో రొట్టెలు, 30 గ్రాముల కందిపప్పుతో గట్టిగా వండిన పప్పు, ఒక గ్లాసు పెరుగు ఉంటే ప్రొటీన్ 23 గ్రాములు దాటుతుంది, లూసిన్ 2 గ్రాములు దాటుతుంది. ఒక గుడ్డు చేరిస్తే ఇంకో 6 గ్రాముల ప్రొటీన్. పప్పు గట్టిగా ఉండడం ముఖ్యం. గరిటెడు పప్పు నాలుగు గ్లాసుల నీళ్లలో కలిసిన చారులో రుచి ఉంటుంది, ప్రొటీన్ నామమాత్రమే. పళ్లు లేనివాళ్లకు రొట్టె కష్టమైతే గటక ఉంది. పల్లీలు నమలలేకపోతే దంచిన పల్లీల పొడి అన్నంలో కలపొచ్చు. 30 గ్రాముల పల్లీల్లో 7 గ్రాముల ప్రొటీన్ ఉంది, పల్లీ పంటకు వనపర్తి, అచ్చంపేట వైపు కొరత లేదు. వండిన జొన్న ప్రొటీన్ ఒంటికి పట్టడం కాస్త తక్కువ కాబట్టి పాలు, పెరుగు, గుడ్డు, చేప ఏదో ఒకటి తోడుండడం మేలు. అన్నీ రాత్రికే కాకుండా మూడు పూటలకూ పంచుకుంటే ప్రతి పూటా కండ తయారీ ఊపందుకుంటుంది.

మంచం మీది పది రోజులు

కండ అన్నిటికంటే వేగంగా కరిగేది మంచం పట్టినప్పుడు. సగటున 67 ఏళ్లున్న ఆరోగ్యవంతులను అమెరికాలో పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. తిండిలో ప్రొటీన్ సిఫారసు మేరకే ఇచ్చినా, కాళ్లలోనే దాదాపు కిలో కండ కణజాలం పోయిందని 2007లో ప్రకటించారు. జబ్బు ఏమీ లేకుండానే ఈ నష్టం. మన దగ్గర జ్వరం వస్తే ముసలివాళ్లను పడుకోబెట్టి, పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించి, జావ మీద ఉంచుతాం. కండ ఎక్కువగా కరుగుతున్న రోజుల్లోనే ప్రొటీన్ ఆపేస్తాం. వైద్యుడు వద్దనకపోతే జ్వరంలోనూ మెత్తగా వండిన పప్పన్నం, గుడ్డు, పాలు పెట్టాలి. లేవగలిగిన మొదటి రోజే లేపి నాలుగడుగులు వేయించాలి.

పోయిన కండ తిరిగి వస్తుందా అంటే, వస్తుంది. ఎంత వయసులోనైనా వస్తుంది. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం 86 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న పది మంది వృద్ధాశ్రమవాసులకు ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించింది. పూర్తి చేసినవారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ పరిమాణం 9 శాతం పెరిగింది. పరిమాణంకంటే బలం ఇన్ని రెట్లు పెరగడానికి కారణం, ఉన్న పోగులను నరాలు మళ్లీ పూర్తిగా పనిలోకి పిలవడమే. మానేసిన నాలుగు వారాల్లో ఆ బలం మూడో వంతు దాకా పోయింది కూడా. మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ బృందం 2017లో ప్రకటించిన పనిలో 65 నుంచి 80 ఏళ్లవాళ్లు పన్నెండు వారాలు విడతలు విడతలుగా గట్టిగా సైకిలు తొక్కి, వేరే రోజుల్లో నడిచారు. వాళ్ల కండలో మైటోకాండ్రియా సామర్థ్యం 69 శాతం పెరిగింది, రైబోజోముల ప్రొటీన్లూ పెరిగాయి. బాల్టిమోర్ లెక్కలో వయసుతో తగ్గాయని చూసిన ప్రొటీన్లే ఇవి.

ఇందుకు జిమ్ అక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, కాస్త ఆగి మళ్లీ పది. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం. నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా ఎత్తడం. వారానికి రెండు మూడు రోజులు చాలు, కాని చివరి రెండు మూడు సార్లు కష్టమనిపించాలి. తేలికైపోయినప్పుడు బరువు పెంచాలి. లేచేటప్పుడు వేగంగా, కూర్చునేటప్పుడు మెల్లగా చేస్తే ముందుగా నష్టపోయే వేగపు పోగులకు పని తగులుతుంది. రోజూ నడిచే నడక గుండెకు మంచిది. ఈ పోగులను నిలపడానికి అదొక్కటే సరిపోదు.

చేయవలసిన పని

ఇంత తెలిశాక భారాన్నంతా ముసలవ్వ మీదే వేయడం న్యాయం కాదు. గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు పెట్టే ఏర్పాటు తెలంగాణ 2015లో ఆరోగ్యలక్ష్మి పేరుతో చేసుకుంది. ప్రొటీన్ అవసరం ఎక్కువైన మనుషులను గుర్తించి వాళ్ల చేతికి గుడ్డు అందించడం మనకు చేతనైన పనే. అదే ఊళ్లో, అదే వీధిలో, అంతే అవసరమున్న డెబ్బై ఏళ్ల మనిషికి రేషన్ బియ్యం అందుతోంది గాని పప్పూ గుడ్డూ అందడం లేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం సంచిలో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో కందిపప్పు ఉండేది. పాలమూరు ఎర్ర, నల్ల నేలల్లో కంది పండుతోంది. పింఛను తీసుకునే ప్రతి వృద్ధురాలికి నెలకు రెండు కిలోల కందిపప్పు, వారానికి నాలుగు గుడ్లు బియ్యంతోపాటు ఇస్తే, కందిపప్పు ఒక్కటే రోజుకు 14 గ్రాముల ప్రొటీన్ చేరుస్తుంది. బియ్యం ఇచ్చే 16 గ్రాములతో కలిపితే మొత్తం దాదాపు రెట్టింపవుతుంది.

కొలవడమూ మొదలుపెట్టాలి. ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రంలో రక్తపోటు చూస్తారు, చక్కెర చూస్తారు. అదే బల్ల మీద పిడికిలి బలం కొలిచే పరికరం ఉంచడానికి, ఒక కుర్చీ వేసి ఐదుసార్లు లేచి కూర్చోమనడానికి పెద్ద ఖర్చు లేదు. దేశమంతటా 45 ఏళ్లు దాటినవారి మీద 2017లో మొదలైన వృద్ధాప్య అధ్యయనంలో పిడికిలి బలం ఇంటింటికీ వెళ్లి కొలిచారు. సర్వేకు సాధ్యమైంది ఉపకేంద్రానికి అసాధ్యం కాదు. పడి తుంటి విరిగాక ఆసుపత్రికి మోసుకెళ్లడంకంటే, పిడికిలి 18 కిలోల కిందికి జారిన నాడే తెలుసుకుని పప్పు పెంచడం, కుర్చీలోంచి లేచే అలవాటు నేర్పడం ఎంతో తేలిక, ఎంతో చవక. ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ ఈ రాత్రి వాళ్ల పళ్లెంలో పప్పు ఎంత ఉందో చూసి, ఇంకో గరిటె వేయడంతో మొదలుపెట్టవచ్చు.